మేకను ముందు మేకగా చూద్దాం

బొమ్మలో జంతువు కనిపిస్తే చాలు, ఇది దేనికి ప్రతీక అని అడగడం మన సాహిత్య విద్యార్థులకు అలవాటైపోయింది. ఏలూరులో ఒక గోష్ఠిలో లక్ష్మాగౌడ్ చిత్రాల అచ్చుప్రతులు చూపినప్పుడు, తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన విద్యార్థి నన్నూ ఇదే అడిగాడు: ఈ మేక దేనికి ప్రతీక మాస్టారూ?

కామానికి అనే జవాబు విమర్శకుల దగ్గర సిద్ధంగా ఉంది. అది అబద్ధం కాదు. 1970ల నాటి ఎచింగులలో స్త్రీపురుషుల పక్కన మేక నిలబడిన తీరులోనే ఆ అర్థం ఉంది. అయితే అది సగమే.

లక్ష్మాగౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టాడు. హైదరాబాదులో చదివి, 1960లలో బరోడాలో కె.జి.సుబ్రహ్మణ్యన్ వద్ద నేర్చుకున్నాడు. అంత దూరం వెళ్లి వచ్చినా ఆయన గీత తిరిగి ఊరి మేక దగ్గరికే చేరింది. కారణం ఆ నేలలోనే ఉంది. చెరువెండినా, చేను పండకపోయినా తుమ్మకాయలు తిని బతికేది మేక. అవసరానికి అమ్ముకోగలిగేదీ మేకే. భూమి లేనివాడికి అదే ఆస్తి. మన డెల్టాకూ కోతలయ్యాక మెట్ట నుంచి మందలు దిగుతాయి. మన కంటికి ఆనేది ఎరువే గాని కాపరి కాడు!

పాశ్చాత్యుల స్థిరవస్తు చిత్రంలో జంతువు తరచుగా చచ్చి బల్ల మీద పడి ఉంటుంది. ఫ్రెంచిలో ఆ ప్రక్రియ పేరే 'మృత ప్రకృతి'. జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో 1942లో పికాసో వేసిన ఎద్దు పుర్రె చిత్రం ఆ కోవలో మహత్తరమైనది: బల్ల, పుర్రె, వెనుక చీకటి కిటికీ. యుద్ధం పేరెత్తకుండానే యుద్ధాన్ని చెప్పింది. లక్ష్మాగౌడ్ మేక అలా బల్ల మీదికి ఎక్కే వస్తువు కాదు. మనిషి తొడ కండరాన్ని చెక్కిన సూదిగీతే మేక డొక్కనూ చెక్కుతుంది. ఇద్దరిదీ ఒకే కరువు. తరువాతి రంగుల చిత్రాలలో కొన్నింట ఆ మేక నిగనిగలాడుతూ శ్రీమంతుల గోడకు ఒదిగిపోయిందనే నా అభియోగం.

కొల్లేటి మీద రాసే మన కవులతోనూ నాకిదే పేచీ. కొంగ ఎగిరితే స్వేచ్ఛ అంటారు. ఆ సరస్సును 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. కొంగ, వలవాడు ఒకే నీటిలో ఒకే చేప కోసం కాచుకునే చోటది. కోసిన వరిచేలలో బాతుల మందను తోలుకుపోయే కుటుంబం మాత్రం ఆ పద్యాలలో నాకింకా తారసపడలేదు.