ముద్ర లేని తుపాకి, మెరుగు పెట్టిన చరిత్ర

కర్త పేరు లేని తాళపత్ర గ్రంథం ఎవరిదో తేల్చడానికి మన పండితులు లిపిని, భాషను, ఛందస్సును, చివరకు ఆకు కోసిన తీరును కూడా పరిశీలిస్తారు. ముద్ర లేని పాత తుపాకి విషయంలో ఆ ఓపిక మనకు లేదు. ఒక ప్రదర్శనశాలలో చూసిన తుపాకి ఇందుకు తార్కాణం. అది మూతి నుంచి మందు కూరే రకం. పొడవైన గొట్టాన్ని మూడు పట్టీలతో కొయ్యకు బిగించారు. మర పలకపై కిరీటం గాని, ఊరి పేరు గాని, సంవత్సరం గాని లేవు. గొట్టం అద్దంలా మెరుస్తోంది. కొయ్యకు కొత్త వార్నిషు. కింద చీటీ మీద ‘1857 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్’ అని ఉంది.

ఆ చీటీలో ఏ ఒక్క మాటకైనా ఆధారం ఉందా? 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌కు గొట్టం పొడవు 39 అంగుళాలు, లోపలి వ్యాసం 0.577 అంగుళం. లోపల మెలి తిరిగిన మూడు గాళ్లుంటాయి. గాళ్లు ఉంటేనే అది రైఫిల్, లేకుంటే మస్కెట్. 1857లో కొవ్వు పూసిన తూటాల వివాదం రేగింది ఈ రైఫిల్ తూటాల మీదనే. తిరుగుబాటు అణగిన తరువాత దేశీయ సిపాయిల కోసం ఆంగ్లేయులు 1858 నమూనాను రూపొందించారు. బయటికి ఆకారం అదే. లోపల మాత్రం గాళ్లు లేని నున్నని గొట్టం, వ్యాసం 0.656 అంగుళం. దేశీయుని తుపాకి తెల్ల సిపాయి తుపాకితో సరితూగరాదన్నదే ఉద్దేశం. అంటే ఆ గొట్టం లోపలి నునుపు అరుగుదల కాదు, అపనమ్మకం. కొలబద్దతో మూతిని ఒక్కసారి కొలిచి ఉంటే తేడా తెలిసేది. చీటీ రాసినవారు ఆ పని చేసిన జాడ లేదు.

మూడో అవకాశం కూడా ఉంది: స్థానిక కమ్మరి చేసిన అనుకరణ. ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో యంత్రాలపై తయారైన తుపాకుల భాగాలు ఒకదానివి మరొకదానికి సరిపోతాయి; చేతిపనిలో ప్రతి మరకూ తన మేకే సరిపోతుంది. మేకు చుట్లలోని హెచ్చుతగ్గులు, ఆకురాయి గీతలు, గొట్టం మొదట్లో అతుకు జాడ – చేతిపని తనను తాను చెప్పుకునే భాష ఇదే. అక్బరు కర్మశాలలో తుపాకులపై ఇనుము తూకం, పనివాని పేరు, చేసిన చోటు, తేదీ చెక్కేవారని అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో రాశాడు. పల్లె కమ్మరికి అంతటి లేఖకుడెవరు? అతడి సంతకం ఆకురాయి గీతే. మెరుగు పెట్టే గుడ్డ తొలుత తుడిచేది దాన్నే.

సందర్శకులు తుప్పు పట్టిన వస్తువు ముందు నిలబడరని అధికారులు అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. పొడిలా రాలే ఎర్ర తుప్పు ఇనుమును తినేస్తుంది, దాన్ని ఆపక తప్పదు. కాని గట్టిపడిన గోధుమరంగు పొర వేరు. అది వయసు, పైగా కొంత రక్షణ. మొదట కూర్చిన మందు ఇంకా లోపల ఉందేమో చూడాలి. సన్నని చెక్క కడ్డీని మూతి గుండా అడుగు తగిలేదాకా దించి, ఆ పొడవును బయట కేపు పెట్టే చోటుతో పోల్చితే తెలుస్తుంది. అడ్డు తగిలితే నిపుణుణ్ణి పిలవాలి తప్ప తానుగా తవ్వరాదు. ఆ తరువాత పలుచని నూనె రాసి, కొన్నాళ్లు ఆగి, మెత్తని ఇత్తడి చువ్వతోనో గుడ్డతోనో తుడవాలి. ఉప్పుకాగితం, ఆమ్లం, కొత్త వార్నిషు పనికిరావు. కొయ్యపై చెమటతో నల్లబడిన చెంప భాగాన్ని గీకితే, దాన్ని మోసినవాడి ఆనవాలు పోతుంది. చివర పలుచగా మైనపు పూత చాలు. చేసినదంతా తేదీతో సహా పుస్తకంలో రాయాలి. మన దగ్గర అరుదుగా జరిగేది ఈ చివరి పనే.

నేను చూసిన తుపాకి విషయంలో అంతా చేయి దాటిపోలేదు. మెరుగు పెట్టే చేయి సాధారణంగా గొట్టం అడుగు భాగానికి చేరదు. పట్టీలు విప్పి, కొయ్యనుంచి గొట్టాన్ని ఎత్తి చూస్తే పరీక్షా ముద్రలో, లెక్క గుర్తులో, వట్టి ఆకురాయి గీతలో బయటపడవచ్చు. బర్మింగ్‌హామ్‌లో గొట్టాల బలపరీక్షకు 1813 నుంచి ప్రత్యేక సంస్థ ఉంది; దాని ముద్ర దొరికితే కథ ఒక దారి పడుతుంది, దొరకకపోతే ఇంకో దారి. అంతవరకు చీటీ మీద ‘మూతి నుంచి మందు కూరే తుపాకి, పందొమ్మిదో శతాబ్ది, చేసినవారు తెలియదు, గొట్టం లోపలి భాగం పరిశీలించవలసి ఉంది’ అని ఉంటే చాలు.