పసుపుపచ్చ రోల్స్‌రాయిస్, పెన్సిల్ ప్రింటు

చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళినవాళ్ళు ఆ పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ముందు ఫొటో దిగకుండా బయటికి రారు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. అందుకే దానికి ‘థ్రోన్ కార్’ అని పేరు. ఫొటో అయ్యాక పిల్లలు అడిగేది ఒకటే: “ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుంది నాన్నా?” పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు మాత్రం అంతకంటే ముందు రెండు సంగతులు ఆరా తీస్తారు. ఎవరెవరి చేతులు మారింది? అందులో అసలు సరుకెంత, తర్వాత అతికించిందెంత? ధర మాట ఆ రెండూ తేలాకే.

ఈ కారు విషయంలో మొదటిదానికి జవాబు చిన్నది. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. లండన్‌లో బార్కర్ కంపెనీ బాడీ కట్టిన బండి హైదరాబాద్ చేరేసరికి గద్దె మీద కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నాడు. తండ్రిది దర్జా, కొడుకుది పొదుపు. ఉత్సవాలకి తప్ప దాన్ని బయటికి తీసింది తక్కువ. దశాబ్దాల తరబడి కలిపి అది తిరిగింది 356 మైళ్ళేనని చెబుతారు. సిటీలో ఆటో నడిపే మనిషికి అది వారం పని కూడా కాదు.

తక్కువ తిరిగింది కాబట్టి కొత్తదానిలా ఉండాలనుకుంటాం. లెక్క తిరగబడేది ఇక్కడే. నిలబెట్టేసిన బండిలో పెట్రోలు ఎండి కార్బురేటర్‌లో జిగురులా గడ్డకడుతుంది. నేలకానిన చోట టైర్లు చదునవుతాయి. రబ్బరు పెళుసెక్కుతుంది, తోలు సీట్లు బీటలిస్తాయి, పిస్టన్లు సిలిండర్లకి పట్టేస్తాయి. ‘ఇంజన్ జామైంది’ అని మెకానిక్ చేతులు తుడుచుకుంటాడు. అందుకే తెలిసిన యజమాని అప్పుడప్పుడూ బండి తీసి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి, మళ్ళీ గుడ్డ కప్పుతాడు.

ఈ మోడల్‌కి కంపెనీ పెట్టిన పేరు 40/50 హెచ్‌పి. 1907లో వెండిరంగు వేసిన ఒకే ఒక్క కారుకి ‘సిల్వర్ ఘోస్ట్’ అని పేరు పెడితే, అది మొత్తం వంశానికి ఇంటిపేరైంది. ఆరు సిలిండర్లు, మూడేసి చొప్పున రెండు దిమ్మలు. ఒక్కో సిలిండర్‌కి రెండేసి ప్లగ్గులు: ఒకదానికి నిప్పురవ్వ మాగ్నెటో నుంచి, రెండోదానికి కాయిల్ నుంచి. ఒకటి మొండికేసినా రెండోది ఇంటికి చేరుస్తుంది.

కంపెనీ అమ్మింది ఇంజను, రేడియేటరు, చక్రాలు ఉన్న చాసిస్ మాత్రమే. పైన బాడీ కొన్నవాడి ఇష్టం. బార్కర్ వాళ్ళు మోటారు పుట్టకముందు గుర్రపు బగ్గీలు కట్టినవాళ్ళు. ఆనాటి పద్ధతిలో యాష్ కర్రతో చట్రం కట్టి, అల్యూమినియం రేకుని సుత్తితో ఒంపులు తిప్పి దాని మీద కప్పేవారు. కర్రకి చెద గానీ తేమ గానీ తగిలితే పైకి ఏమీ కనపడదు, తలుపు మాత్రం ఒకనాడు సరిగ్గా మూసుకోదు. అసలు బాడీ తీసేసి ఇంకోటి బిగించుకున్న యజమానులూ బోలెడుమంది. కాబట్టి కారుకి ముఖం బాడీ అయినా, జాతకం చాసిస్ నంబరే.

ఆ నంబరు చూసే తీరు మన ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళినవాళ్ళకి కొత్తేం కాదు. పల్చటి కాగితం ఆనించి పెన్సిల్ ములుకుని వాల్చి రుద్దితే అంకెలు తేలతాయి. అంకెల మధ్య ఎడం సమంగా లేకపోయినా, చుట్టూ గ్రైండర్ గీతలు పడినా అనుమానించాల్సిందే. రోల్స్‌రాయిస్‌కి ఇంకో సాక్ష్యం కూడా ఉంది. ఇంగ్లండ్‌లో పాలర్స్‌పరీ అనే ఊళ్ళో హంట్ హౌస్ అనే భవనంలో నాటి చాసిస్ కార్డులు దాచారు. ఎవరు ఆర్డరిచ్చారో, బాడీ ఎవరు కట్టారో అందులో రాసి ఉంటుంది. పెన్సిల్ ప్రింటుకీ కార్డుకీ పొంతన కుదిరితే సగం పెళ్ళి అయినట్టే.

ఇక సొట్టలు పూడ్చే పుట్టీ సంగతి. స్టీలు బాడీ మీద జేబులో అయస్కాంతం చాలు, పుట్టీ మందంగా మెత్తిన చోట పట్టదు. అల్యూమినియం దగ్గర ఆ పప్పులుడకవు. వేలి కణుపుతో తట్టి వినాలి. రేకు ‘టంగ్’మంటుంది, పుట్టీ ‘దబ్’మంటుంది.

మనకి కాగితాలకన్నా కథలు ఎక్కువ. షోరూంలో అవమానించారని రాజుగారు రోల్స్‌రాయిస్‌లు కొని చెత్త ఎత్తించాడట! చెప్పేవాడిని బట్టి ఆ రాజు ఒకసారి అల్వర్ ఏలుతాడు, ఇంకోసారి భరత్‌పూర్, మరోసారి మన హైదరాబాద్. వినడానికి బాగుంటుంది. కథకి చాసిస్ నంబరు లేదు, అంతే.

1971లో రాజభరణాలు రద్దయ్యాక కష్టాల్లో పడ్డ సంస్థానాల షెడ్లలోంచి చాలా బళ్ళు చేతులు మారాయి. కొన్న కొత్త ధనవంతుడు చేసే మొదటి పని పెయింటు కొట్టించడం, కొత్త క్రోమ్ పూయించడం. నా లెక్కలో అదే పెద్ద నష్టం. వెలిసిన రంగు, అరిగిన పెడల్, డ్రైవర్ చెయ్యి ఆని నునుపెక్కిన స్టీరింగ్ మళ్ళీ తయారుచేయలేనివి. రంగు రేపైనా వేసుకోవచ్చు.

ఇదంతా రాజుల గొడవే అనుకోకండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు చేయని బండి వింటేజ్ అవుతుంది. కొత్తగా రిజిస్టర్ చేసే బండికి ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ప్లేటు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20 వేల రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్ళు. మీ తాతగారి ఫియట్టో అంబాసిడరో పాకలో ఉంటే పెయింటర్‌ని పిలవకముందు బీరువాలో ఆర్సీ బుక్కు వెతకండి. దొరికితే పాత ఇన్సూరెన్సు కాగితాలతో సహా భద్రంగా దాచండి.