గుర్రం ఒప్పుకుంటేనే నూరు మైళ్ళు

కాలిఫోర్నియాలో లేక్ తాహో సమీపంలోని అడవి నుంచి తెల్లవారుజామున 5:15కి బయల్దేరి, సియెర్రా నెవాడా కొండలు దాటి, మర్నాడు 5:15 లోపు ఆబర్న్ ఊరు చేరాలి. దూరం నూరు మైళ్ళు, అంటే 160 కిలోమీటర్లు. ఒక మనిషి, ఒక గుర్రం. మధ్యలో గుర్రాన్ని మార్చడం లేదు. టెవిస్ కప్‌గా పేరుపొందిన ఈ సవారీ 1955లో మొదలైంది. ఈ కాలపు గుర్రాలకి ఒక్క రోజులో నూరు మైళ్ళు వెళ్ళే సత్తా ఎక్కడిదన్న వాళ్ళకి చేసి చూపించాలని ఆబర్న్ వాసి వెండెల్ రాబీ మరో నలుగురిని వెంటబెట్టుకుని, పాత బంగారు గనుల వాళ్ళు తిరిగిన కొండబాట పట్టాడు. ఇవాళ దేశదేశాల్లో సాగుతున్న దూరపు సవారీలకు అదే ఒరవడి.

ఏటా బయల్దేరిన వాళ్ళలో దాదాపు సగం మందే గమ్యం చేరతారు. మిగతావాళ్ళని ఆపేది చాలాసార్లు కొండ కాదు, ఎండా కాదు. పశువైద్యుడు.

ఆ ఆపడం ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే తప్ప ఈ సవారీ అర్థం కాదు. 36వ మైలు దగ్గర రాబిన్సన్ ఫ్లాట్ అనే మజిలీ ఉంది. తెలివైన రౌతు అక్కడికి ఇంకా కొంత దూరం ఉండగానే దిగి, జీను పట్టీ వదులు చేసి, గుర్రం పక్కన నడుస్తూ వస్తాడు. అతని మనుషులు బకెట్లతో సిద్ధంగా ఉంటారు. మెడ మీద, రొమ్ము మీద, కాళ్ళ లోపలివైపు నీళ్ళు పోస్తారు. ఒంటి వేడికి ఆ నీళ్ళు నిమిషంలో వెచ్చబడతాయి కాబట్టి వెంటనే గీకేసి మళ్ళీ చల్లనివి పోస్తారు. ఇదంతా నాడి దిగడం కోసం. తీరిగ్గా నిలబడ్డ గుర్రం గుండె నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకుంటుంది. కొండెక్కేటప్పుడు అది 150 కూడా దాటుతుంది. మజిలీలో నిర్ణీత సమయంలోపు 60, 64 దగ్గరికి దిగిరావాలి. దిగకపోతే సవారీ అక్కడితో సరి.

నాడి దిగాక వైద్యుడి వంతు. పైపెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదులుతాడు. పాలిపోయిన మచ్చ రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగుకి రావాలి. మెడ మీది చర్మం పట్టి లాగి వదిలితే చటుక్కున అణగాలి. డొక్కలకి రెండువైపులా స్టెతస్కోపు ఆనించి వింటాడు. కడుపులో గుడగుడ వినిపిస్తే సంతోషం, నిశ్శబ్దంగా ఉంటే అనుమానం. పేగులు పనిచేయడం తగ్గిందంటే గుర్రం ప్రమాదం అంచున ఉన్నట్టే. ఆపైన గుర్రాన్ని పగ్గం వదులుగా పట్టి 125 అడుగులు పరుగెత్తించి వెనక్కి తెస్తారు. కాలు నొప్పి ఉంటే తల ఊపులో తెలిసిపోతుంది. పరుగు మొదలైన నిమిషానికి మళ్ళీ నాడి చూస్తారు. ఇందాక 60 ఉన్నది ఇప్పుడు 68 అయితే, పైకి ఎంత హుషారుగా కనిపించినా ఆ గుర్రం లోపల అలిసిపోయింది.

ఈ పరీక్షంతటిలో రౌతు మాటతో తీర్పు మారదు. జవాబు చెప్పేది గుర్రం ఒళ్ళే. ఈ సంప్రదాయం గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

కాబట్టి ఈ విద్యలో సగం, తొందరని అణచుకోవడమే. తెల్లవారుజామున వందకు పైగా గుర్రాలు ఒక్కసారి కదిలితే ఏ గుర్రానికైనా ఉరకాలనే ఉంటుంది. అప్పుడు పట్టి నడిపించినవాడికి రాత్రి కాస్త బలం మిగులుతుంది. దౌడు తీయడం తక్కువ. ఎక్కువ దూరం ట్రాట్ అనే ఓ మోస్తరు పరుగులోనే సాగుతుంది. ఆ పరుగు లయకి రౌతు రికాబుల మీద లేస్తూ కూర్చుంటూ, గుర్రం ఒక పక్కే అలిసిపోకుండా తను కూర్చునే అడుగును మారుస్తూ ఉంటాడు. నిటారు ఎక్కుళ్ళలో దిగిపోయి గుర్రం తోక పట్టుకుని వెనకాల ఎక్కుతాడు. ఈ బాటలో ఎక్కేదానికంటే దిగేది ఎక్కువ. దిగుళ్ళలోనూ పక్కన నడిచేవాళ్ళున్నారు. వాగు కనబడితే తాడు కట్టిన స్పాంజిని జీను మీద నుంచే నీళ్ళలోకి విసిరి, లాగి, మెడ తడుపుతారు. మనిషి చెమట కంటే గుర్రం చెమటలో ఉప్పు చాలా ఎక్కువ. ఉప్పు బాగా పోయిన గుర్రానికి ఒళ్ళు ఎండుతున్నా దాహం తెలియదు. అందుకే ఉప్పుల మిశ్రమాన్ని సిరంజితో నోట్లోకి ఎక్కిస్తుంటారు.

ఇదంతా ఒక వేసవిలో వచ్చేది కాదు. గుండె, కండ నెలల్లో గట్టిపడతాయి. ఎముకకి, స్నాయువుకి ఏళ్ళు పడుతుంది. ఆరేళ్ళు నిండని గుర్రాన్ని అసలు చేర్చుకోరు. ఇక్కడ పైచేయి అరబ్బీ జాతిది. తేలికైన ఒళ్ళు, వేడిని త్వరగా వదిలే తత్వం. హార్ముజ్ రేవు నుంచి ఓడల్లో వచ్చే ఈ జాతి గుర్రాల కోసం కూడా విజయనగర రాయలు పోర్చుగీసు వాళ్ళతో చెలిమి చేశారు.

పరీక్ష సడలితే ఏమవుతుందో ఎడారి దేశాల్లో చూశాం. చదునైన ఇసుక బాటల మీద వేగమే లక్ష్యంగా పరుగెత్తించిన గుర్రాల కాళ్ళు విరిగాయి. చివరికి అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య 2015లో యూఏఈ సంఘాన్ని కొన్ని నెలలు సస్పెండ్ చేయాల్సి వచ్చింది. దూరపు సవారీని పందెంగా మార్చడం దాన్ని చంపడమే అని నా నిశ్చితాభిప్రాయం.

టెవిస్‌లో మొదట చేరినవారికి కప్పు ఉంది, నిజమే. కానీ అక్కడివాళ్ళు దానికంటే ఎక్కువగా కోరుకునేది హాగిన్ కప్ అని చాలామంది చెబుతారు. మొదటి పది గుర్రాలను మర్నాడు పరీక్షించి, అన్నిట్లోకీ మంచి స్థితిలో ఉన్నదానికి ఇస్తారు. 1964 నుంచి ఇస్తున్నారు. 24 గంటల్లో చేరిన అందరికీ ఒకే వెండి బకిల్, అదీ చివరి పరీక్షలో గుర్రం ఇంకా నడవగలదని వైద్యుడు చెబితేనే.

శాక్రమెంటో, ఫోల్సమ్ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువాళ్ళకి ఆబర్న్ గంటలోపు ప్రయాణం. సవారీ జూలైలోనో ఆగస్టులోనో, వీలైనంత వరకు పున్నమికి దగ్గరగా పెడతారు. ఆ సాయంత్రం పిల్లల్ని తీసుకుని 68వ మైలు మజిలీ ఫారెస్ట్‌హిల్‌కి వెళ్ళండి. గంటసేపు ఆగి, తిని, చీకట్లో మళ్ళీ కదిలే గుర్రాలను చూడండి. బకెట్లు మోయడానికి అక్కడ మనుషులు ఎప్పుడూ కావాలి.