సెట్టయింది

మా మరదలు మొన్న ఫోన్ చేసి, "బావగారూ, మా వాడికి సంబంధం సెట్టయిందండీ" అంది. పిల్లది బందరు, బ్యాంకు ఉద్యోగం, రెండువైపులా పెద్దలకు నచ్చింది. అంతా విని, సంతోషమని చెప్పి, అక్కడితో ఊరుకోవచ్చుగా. "కుదిరిందనమ్మా, సెట్టవడమేమిటి" అన్నాను. "అదేనండీ, కుదిరింది, ఇంక సెట్టయిపోయినట్టే" అంది. నోరు మూతపడింది గానీ కోపం పోలేదు.

ఈ కాలమ్ పాతకాపులకు నా జబ్బు తెలుసు. 'కన్ఫర్మ్'ను తిట్టాను, 'అడ్జస్ట్'ను తిట్టాను. 'బేసిగ్గా' మీద రాసినప్పుడైతే గుంటూరు నుంచి ఒక పెద్దమనిషి "తమరికి వేరే పనేమీ లేదా" అని కార్డు రాశారు. లేదండీ, ఇదే పని.

ఆ ఫోనుతో చెవులు దాన్నే వెతుక్కోవడం మొదలుపెట్టాయి. హోటల్లో సెట్ దోశ. కేబుల్ కుర్రాడి చేతిలో సెట్ టాప్ బాక్స్. బట్టల కొట్లో "ఈ రంగు మీకు భలే సెట్టయింది సార్". పక్కింటి కోడలికి ఊరు సెట్టవలేదట. వేలెడంత లేని మనవడు అలారం సెట్ చేస్తాడు. సినిమావాళ్లు కోట్లు పోసి సెట్ వేస్తారు, షూటింగ్ అయ్యాక పీకేస్తారు. నలభై దాటిన మేనల్లుడి గురించి "వాడింకా లైఫ్‌లో సెట్టవలేదు" అని నిట్టూరుస్తారు. ఎంసెట్ ఒక్కటే ఈ కేసులోంచి బయటపడింది. అందులోని సెట్ మూడు మాటల పొడి అక్షరాలు, వీటితో చుట్టరికం లేదు.

ఒక్క మాట ఇన్ని పనులు చేస్తోందంటే ఆ పనులు చేసే మాటలన్నీ ఇంట్లో కూర్చున్నట్టే గదా. రంగు నప్పుతుంది, ఊరు పడుతుంది, జంట పొసగుతుంది, మనిషి స్థిరపడతాడు. ఒక్కోదానికీ ఒక్కో మాట పెట్టుకున్నాం. ఇప్పుడు అన్నిటికీ ఒకటే.

ఆ కోపంతోనే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు తెరిచాను. ఇక్కడ ఇంత చేస్తున్నది పుట్టింట్లో ఎలా ఉందో చూద్దామని. 1989 నాటి రెండో కూర్పు 20 సంపుటాలు. అందులో అన్నిటికంటే ఎక్కువ చోటు తిన్నది 'సెట్'. సుమారు 430 అర్థాలు. వివరణలూ ఉదాహరణలూ కలిపి 60,000 మాటలు. పొద్దు సెట్టవుతుంది, సిమెంటు సెట్టవుతుంది. విరిగిన ఎముకను, ఉంగరంలో రాయిని, గుడ్ల మీద కోడిని, పాటకు బాణీని, ఎలకకు బోనును, అన్నిటినీ సెట్ చెయ్యడమే. ఇప్పుడు తిరగరాస్తున్న మూడో కూర్పులో 'రన్' దీన్ని దాటేసింది. పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క క్రియతో తొమ్మిది నెలలు కాపరం చేసి 645 అర్థాలు తేల్చాడు.

ఆ నిఘంటువు ఎలా తయారైందో మొదలుపెడితే నేనాగను. ఆపదలచినవాళ్లు ఇప్పుడే ఆపండి. జేమ్స్ మర్రే స్కాట్లండులో ఒక దర్జీ కొడుకు. పద్నాలుగో ఏట బడి మానేశాడు. 1879లో ఈ పని నెత్తికెత్తుకున్నాడు. పదేళ్లలో అయిపోతుందన్నారు. అయిదేళ్లకు, 1884లో, మొదటి భాగం అచ్చయి వచ్చింది: 'ఎ' నుంచి 'యాంట్' వరకు. అంటే అప్పటికి చీమ దగ్గరికి చేరారు! మొత్తం పూర్తయ్యేసరికి 1928. మర్రే పోయి అప్పటికి పదమూడేళ్లు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన ఇంటి తోటలో ఒక ఇనుపరేకుల షెడ్డు. చూపుకు అడ్డమొస్తుందని పొరుగాయన పేచీ పెడితే నేల తవ్వి కొంత లోపలికి దించి కట్టారు. చలి, చెమ్మ. గోడల నిండా గూళ్లు, గూళ్ల నిండా చీటీలు. ఎక్కడెక్కడి పాఠకులో పుస్తకాలు చదువుతూ రాసి పంపినవి: పైన మాట, కింద సంవత్సరం, పుస్తకం పేరు, ఆ మాట ఉన్న వాక్యం. టపా ఎంత పెరిగిందంటే పోస్టాఫీసువాళ్లు ఆయన ఇంటిముందే ఒక ఎర్ర డబ్బా పాతారు. పదకొండుమంది పిల్లలు. అక్షరాల వరస వచ్చిందంటే చాలు, జేబు ఖర్చుకు చీటీలు సర్దాల్సిందే. నా చిన్నప్పుడు ఇలాంటి ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదన్న బాధ నాకింకా ఉంది.

ఇందులో నన్ను కట్టిపడేసేది ఆ పద్ధతి. అర్థం రాసుకుని, దానికి ఉదాహరణ వెతకడం కాదు. వాక్యాలు ముందు. చీటీలన్నీ బల్ల మీద పరిచి, ఈ వాక్యంలో ఈ మాట పక్క వాక్యంలో చేస్తున్న పనే చేస్తోందా అని చూస్తారు. అదే పనైతే అదే కుప్ప, వేరైతే కొత్త కుప్ప. అర్థమంటే కుప్పకు తర్వాత తగిలించే చీటీ. 430 అంటే అన్ని కుప్పలన్నమాట. 'సెట్' ఉన్న భాగం మర్రేది కాదు, హెన్రీ బ్రాడ్లీ వాటా. ఈయనా పెద్ద చదువులవాడు కాడు. షెఫీల్డ్‌లో కత్తులూ చాకులూ చేసే కంపెనీలో ఇరవై ఏళ్లు గుమాస్తా. నిఘంటువు మొదటి భాగం మీద ఒక సమీక్ష రాసి మర్రే కంట్లో పడ్డాడు. మంగలికత్తికి పదును పెట్టడాన్ని కూడా ఇంగ్లీషులో సెట్ చెయ్యడమే అంటారు. ఆ కుప్పకు బ్రాడ్లీ ఎవరి చీటీ కోసమూ ఎదురుచూసి ఉండడు.

ఇన్ని కుప్పలకూ అడుగున ఉన్నవి రెండు వేర్లు. క్రియ పాత ఇంగ్లీషు 'సెట్టన్'. 'సిట్'కు ప్రేరణార్థకం, కూర్చోపెట్టడం అని. జట్టు అనే అర్థమున్న నామం వేరే కుటుంబం. లాటిన్ 'సెక్టా', అంటే అనుచరగణం, ఫ్రెంచి మీదుగా వచ్చింది. కాబట్టి హోటల్లో రెండో మూడో కలిపి పెట్టే సెట్ దోశ రోమ్ తాలూకు, అలారం సెట్ చెయ్యడం ఇంగ్లండు తాలూకు. వాళ్ల సూర్యుడు పొద్దుటినుంచీ తిరిగి తిరిగి కూర్చుంటాడు. మన పొద్దు కుంకుతుంది, మునుగుతుంది. 'పొద్దుగూకింది' విని మనవాడూ 'కూకున్నాడ'నుకునేరు. అది క్రుంకు, ఇది కూర్చుండు, వేర్వేరు ధాతువులు.

కూర్చోపెట్టడం అనగానే నాకు మా అమ్మమ్మగారింటి నీళ్లకుండ కళ్లకు కట్టింది. దాని కింద ఎండుగడ్డి మెలిపెట్టి తిప్పిన చుట్ట ఉండేది. దాన్ని కుదురు అంటారు. గుండ్రటి అడుగు గనక కుండ వట్టి నేలమీద దొర్లుతుంది, కుదురు మీద నిలుస్తుంది. సంబంధం కుదరడం, పాలేరు కుదరడం, జ్వరం వదిలి మనిషి కుదుటపడటం, పిల్లవాడు కుదురుగా కూర్చోవడం, అన్నిటా ఉన్నది ఆ కుండ నిలబడటమే. అంటే సెట్టన్నా కుదురన్నా మొదట్లో ఒకే పని. దొరికింది వాదన! అచ్చంగా అదే అర్థం ఇంట్లో ఉండగా అప్పు తేవడమెందుకు? మా మరదలికి ఫోన్ చెయ్యబోయాను కూడా.

చెయ్యకముందు ఎందుకైనా మంచిదని మర్రే పద్ధతి పెట్టి చూశాను. పాత కరెంటు బిల్లులు చింపి, వెనకవైపు వాక్యాలు రాసి, మంచం మీద పరిచాను. "రావడం కుదరలేదు" అంటాం; "రావడం సెట్టవలేదు" అని ఎంత ఫ్యాషను కుర్రాడూ అనడు. "కూర కుదిరింది" అంటే మెప్పు. "కూర సెట్టయింది" అంటే గడ్డకట్టిందేమోనని గరిటె పెట్టి చూస్తారు. జంటల దగ్గరికి వచ్చేసరికి కుప్పలు ఇంకా విడిపోయాయి. "వాళ్లకు పడలేదు" అంటే మొహమొహాలు చూసుకోరని. "పొసగలేదు" అంటే కొంతకాలం కాపరం చేశారని, పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారని. "సెట్టవలేదు" అంటే ఎవరి తప్పూ లేదు, ఎవరి దారి వారిదని. రేపు ఏ పెళ్లిలోనో ఎదురుపడితే పలకరించుకుంటారు. నింద లేకుండా ఆ సంగతి చెప్పే మాట నా పాత మాటల్లో ఎంత వెతికినా చిక్కలేదు.

మా మరదలు చెప్పిందీ ఇదే. కుదరడమంటే మాటలు కలవడం, సెట్టవడమంటే ఇంక కదలదని. ఆవిడ రెండు కుప్పలు విడివిడిగా పెట్టి చూపిస్తే నేను ఒక్కదాన్నే చూసి దెబ్బలాడాను.

పైగా "ఊరు సెట్టవలేదు", "ఇద్దరికీ సెట్టవలేదు" అన్నవాటిని మక్కికి మక్కి ఇంగ్లీషు చేసి ఇప్పటి లండన్‌లో చెబితే తెల్లమొహం వేస్తారు. ఇవి వాళ్ల వాక్యాలు కావు. 'అవు', 'చెయ్యి' తగిలించుకుని ఇక్కడ పుట్టిన అర్థాలు. వీటిని ఎక్కించాల్సింది తెలుగు నిఘంటువే. బ్రౌన్ 1852లో తెలుగు నిఘంటువు వేశాక, తెలుగులో కలిసిన పరాయి మాటలకు వేరే నిఘంటువే వేశాడు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం సంగతి మళ్లీ ఎత్తానని విసుక్కోకండి, ఎత్తక తప్పదు. 1962లో వచ్చిన వ్యవసాయ సంపుటానికి రైతుల దగ్గరికి వెళ్లి మాట్లాడించారు, ఆ తర్వాత చేనేతవాళ్లను. పుస్తకాల్లో లేని మాటలు పని దగ్గర ఉంటాయని వాళ్లకు తెలుసు.

ఈ వారమే మా ఇంటి తలుపు సరిచెయ్యడానికి వచ్చిన వడ్రంగి పని ఆపి, గుమ్మం దగ్గర కూర్చుని, రంపం పళ్లు ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ వంచుతున్నాడు. అలా వంచితే కోత రంపం మందం కంటే కాస్త వెడల్పుగా పడుతుంది. లేకపోతే సగం కోసేసరికి చెక్క రంపాన్ని పట్టేస్తుంది. "ఏం చేస్తున్నావు మేస్త్రీ?" అన్నాను. "పళ్లు సెట్ చేస్తున్నానండి." ఇంగ్లండు వడ్రంగులు కూడా ఈ పనిని సరిగ్గా ఆ మాటతోనే చెబుతారు. షెఫీల్డ్ గుమాస్తా వింటే లేచి వచ్చేవాడు. మరి మీ నాన్న దీన్నేమనేవాడని అడిగాను. "మా నాన్న తన రంపం ముట్టుకోనిచ్చేవాడు కాదండి" అన్నాడు.

ఇంకో కరెంటు బిల్లు వెనక ఇదీ రాశాను. మీకు ఎక్కడైనా 'సెట్' వినబడితే ఒక కార్డు రాయండి. అర్థం రాయొద్దు, అది నేను చూసుకుంటాను. విన్న వాక్యం విన్నట్టు, ఏ ఊరు, అన్నవారు ఏ పని చేస్తారు, ఇంతే. మోటారు మెకానిక్కులు, టెంట్‌హౌసువాళ్లు, పెళ్లిళ్ల పేరయ్యలు ఎక్కువ పనికొస్తారు. టీచర్లు రాస్తే మటుకు పాఠంలోది వద్దు, స్టాఫ్‌రూంలో విన్నది రాయండి.