ట్రయాంగిల్ ఎవరి చేతికి?

ప్రాథమిక తరగతి పిల్లలంతా కలిసి వాయించేలా ఒక పాట కూర్చమంటే చాలామంది చేసే పంపకం ఒకటే. చురుకైనవాళ్లకి జైలోఫోన్ మీద వరస, తడబడేవాడికి ట్రయాంగిల్. ఎనిమిది దెబ్బలకి ఒక్క ‘టింగ్’ అంటే చాలు కదా అని! నాకైతే అది శిక్షలా కనిపిస్తుంది. ఏడేళ్లవాడికి వాయించడం తేలిక. ఏడు దెబ్బలు ఊరుకుని ఎనిమిదోది పట్టుకోవడమే కష్టం.

జర్మనీలో కార్ల్ ఓర్ఫ్, గునిల్డ్ కేట్‌మన్ కలిసి 1950–54 మధ్య పిల్లల సంగీతం మీద ఐదు సంపుటాలు తెచ్చారు. వాళ్ల కూర్పుల్లో అడుగున షడ్జమ పంచమాలు మోగుతూ ఉంటాయి, మన తంబూరాలాగే. కాకపోతే ఇక్కడ లయ మోసేదీ అదే. రెండు చేతులూ ఒక్కసారి పడితే చాలు. తడబడేవాణ్ని నేను అక్కడ కూర్చోబెడతాను. వాడు ఆపితే పాట ఆగుతుంది. ఆ సంగతి వాడికీ తెలుస్తుంది.

ఆ కూర్పుల్లో వాడే జైలోఫోన్ల పలకలు ఊడి వస్తాయి. ‘సి’ని షడ్జమం అనుకుని ఎఫ్, బి పలకలు తీసేస్తే మిగిలేవి అచ్చంగా మోహన స్వరాలు. పక్కపక్కన రాసుకునే అర్ధస్వరాలు పోయాయి కాబట్టి ఎవరి చెయ్యి ఎక్కడ పడినా చెవికి గుచ్చుకోదు. అన్ని పలకలూ ఉంటే శంకరాభరణం. ఎఫ్ బదులు ఎఫ్ షార్ప్ పెడితే కల్యాణి, బి బదులు బి ఫ్లాట్ పెడితే హరికాంభోజి. మన సంగీతం టీచర్లకి ఇంతకంటే అనువైన పెట్టె ఏముంటుంది?

నడుమ తిరిగే చిన్న వరసకి మాటలు కడతాను. ‘ముద్దపప్పు, ఆవకాయ’ రెండూ ఒకే తూకం, తిశ్ర నడక. ముందు నోటితో అనాలి, తర్వాత తొడ మీద కొట్టాలి, ఆపైనే పలక మీదికి. (భోజనానికి ముందు పీరియడ్‌లో మాత్రం వేరే మాటలు చూసుకోండి.)

ట్రయాంగిల్‌ని లెక్క మీద రాయను. పాటలో ఒక మాట ఎంచి, అది వినపడగానే కొట్టమంటాను. అప్పుడు పిల్ల అంకెలు వదిలేసి పాట వింటుంది.

జైలోఫోన్లు కొనలేని బడిలో హార్మోనియం మీద స, ప నొక్కి పట్టుకోవడానికి ఒకరు, మిగతావాళ్లకి కోలాటం కర్రలు. చెప్పాల్సిందంతా కర్రలు పంచకముందే చెప్పేయండి. ఆ తర్వాత ఎవరూ వినరు.