పురుషవేషంలో స్త్రీ అలంకరణ: తెలుగు సాహిత్య నేపథ్యంలో ఒక పరిశీలన

కీలకపదాలు: వేషధారణ, అలంకరణ, పైట, సత్యభామ, రుద్రమదేవి, స్త్రీవాదం, శ్రామిక స్త్రీ

1. ఉపోద్ఘాతం

పురుషుల కోసం రూపొందిన కోటు, చొక్కా, ప్యాంటులను స్త్రీలు ధరించి, వాటికి నగ, బొట్టు, పువ్వు వంటివి చేర్చి స్త్రీత్వపు ముద్ర వేయడం నేటి వస్త్రధారణలో బాగా కనిపించే ధోరణి. 1966లో ఫ్రెంచి రూపకర్త ఈవ్ సెయింట్ లారెంట్ పురుషుల విందు దుస్తులను స్త్రీల శరీరానికి అనువుగా మలచి ‘లె స్మోకింగ్’ పేరుతో ప్రదర్శించాడు. పోలీసుల అనుమతి లేకుండా స్త్రీలు పురుషవేషం ధరించరాదన్న 1800 నాటి పారిస్ ఉత్తర్వు అప్పటికింకా రద్దు కాలేదు. అది చెల్లదని ఫ్రెంచి ప్రభుత్వం ప్రకటించింది 2013లో. కాబట్టి వేషాన్ని అభిరుచికి సంబంధించిన విషయంగా మాత్రమే చూడటం కుదరదు. అది అనుమతికి సంబంధించినది కూడా. పురుషవస్త్రానికి చేర్చే స్త్రీత్వపు ముద్ర ఆ అనుమతికి చెల్లించే మూల్యమా? లేక ధరించిన వ్యక్తి స్వీయ నిర్ణయమా? ఈ ప్రశ్నకు తెలుగు సాహిత్యం ఇచ్చే సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. సత్యభామ: అలంకరణే ఆయత్తం

సంస్కృత భాగవతంలో సత్యభామ నరకాసుర యుద్ధానికి కృష్ణుని వెంట వెళుతుంది గాని స్వయంగా పోరాడదు. ఆమె చేతికి విల్లు ఇచ్చి యుద్ధం చేయించినవారు నాచన సోమన, పోతన వంటి తెలుగు కవులు. పోతన చిత్రించిన సత్యభామ యుద్ధానికి సిద్ధమయ్యే తీరు ఈ చర్చకు కీలకం. ఆమె జడను ముడిచి, పోకముడిని బిగించి, నగలు దాల్చి, పైటను చేత్తో చక్కగా దోపుకొని, భర్తకు ముందు నిలబడుతుంది.

ఈ క్రమంలో రెండు భిన్నమైన పనులు జరుగుతున్నాయి. జడ, పోకముడి, పైటలను బిగించడం యోధ చేసే పని. వదులుగా ఉన్న స్త్రీవస్త్రం కదనానికి అనువుగా మారుతున్నది. నగలు దాల్చడం యుద్ధానికి అవసరమైన పని కాదు. అది శృంగార నాయికగా ఆమె స్థానాన్ని నిలిపి ఉంచుతుంది. పురుషులను చూస్తేనే చాటుకు తప్పుకొనే స్త్రీ శత్రువులను గెలవడానికి ఎలా పూనుకొన్నదని కవి వ్యక్తం చేసే ఆశ్చర్యం కూడా ఈ రెండో పనికే తోడ్పడుతుంది. పురుషాయుధం పట్టినా ఆమె నాయికగానే ఉండాలన్నది కావ్యం విధించిన షరతు.

అయితే దీన్ని షరతుగా మాత్రమే చదివితే పద్యంలో ఆమె చేస్తున్న పనులన్నీ మరుగున పడతాయి. ముడి వేసేది, బిగించేది, దోపేది ఆమె చేతులే. చివరకు ఆమె నిలిచే చోటు భర్త పక్కన కాదు, ఆయనకు ముందు. ఆమెను చూసే దృష్టి కవిది, కృష్ణునిది. ఆయత్తం మాత్రం ఆమెది.

3. రుద్రమ: వేరువేరుగా రెండు వేషాలు

కాకతీయ రుద్రమదేవి (పాలనాకాలం 1262–1289) విషయంలో పద్ధతి వేరు. గణపతిదేవుడు కుమార్తెను కుమారునిగా భావించి ‘రుద్ర’ నామమిచ్చాడని విద్యానాథుని ప్రతాపరుద్రీయం చెబుతుంది. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజుగా పేర్కొనబడింది. సింహాసనానికి అడ్డు రాకుండా స్త్రీత్వం పేరులోనే కప్పబడింది. 2015లో గుణశేఖర్ దర్శకత్వంలో వచ్చిన ‘రుద్రమదేవి’ చిత్రం ఈ గోప్యతనే కథగా మలచుకొంది. అందులో రుద్రమ రాజ్యసభలో పురుషవేషంతోను, ఏకాంతంలో స్త్రీ అలంకరణతోను కనిపిస్తుంది. అధికారానికి ఒక వేషం, సౌందర్యానికి మరొక వేషం అన్న ఈ విభజన రెండింటినీ ఒకే దేహంపై కలపడానికి జంకుతుంది. ఈ ఒక్క విషయంలో ఐదు శతాబ్దాల నాటి పోతన చిత్రణే ఎక్కువ సాహసవంతమైనది.

4. పైట: దోపడం, తగలెయ్యడం

స్త్రీవాదం ఈ సమన్వయాన్నే ప్రశ్నించింది. ‘నీలిమేఘాలు’ (1993) సంకలనంలోని జయప్రభ కవిత ‘పైటను తగలెయ్యాలి’ పైటను స్త్రీకి సిగ్గును, లొంగుబాటును నేర్పే సాధనంగా చూసింది. పోతన సత్యభామ దోపుకొన్న పైటను ఈ కవిత కాల్చమన్నది. ఈ దృష్టితో చూస్తే, కోటు వేసుకొన్న స్త్రీని ‘అయినా స్త్రీగానే ఉంది’ అని మెచ్చుకోవడం ఆమెను తిరిగి పాత కొలతకే సరిచూడటమవుతుంది. ఈ హెచ్చరిక సరైనదే. అయితే అలంకరణనంతటినీ లొంగుబాటుగా లెక్కిస్తే, దాన్ని తానై ఎంచుకొన్న స్త్రీ నిర్ణయానికి విలువ లేకుండా పోతుంది.

5. చేలో చొక్కా

ఈ చర్చకు సాహిత్యం వెలుపలి నిదర్శనం తెలుగు పల్లెల్లోనే ఉంది. పత్తి ఏరే, మిరపకాయలు కోసే, ఉపాధిహామీ పనికి వెళ్లే స్త్రీలు చీర మీద భర్తదో కొడుకుదో పాత నిండుచేతుల చొక్కా తొడుక్కొంటారు. ఎండ నుంచి, మిరప ఘాటు నుంచి, పత్తికాయల గీతల నుంచి అది చేతులను కాపాడుతుంది. కొంగు నడుముకు బిగుస్తుంది, తలకు తువ్వాలు చేరుతుంది; బొట్టు, గాజులు, పుస్తెలు అలాగే ఉంటాయి. పురుషవస్త్రం, స్త్రీ అలంకరణ ఇక్కడ ఏ ప్రదర్శనా లేకుండా కలిశాయి. అయినా దీన్ని ఎవరూ ‘శైలి’ అనరు. నగరంలో కొత్త కోటు అభిరుచిగా గుర్తింపు పొందితే, చేలో పాత చొక్కా పేదరికంగా మిగిలిపోతుంది. ఈ తేడా వస్త్రంలో లేదు, ధరించిన వారి వర్గంలో ఉంది.

6. ముగింపు

పురుషవేషంలోని స్త్రీ అలంకరణను అందంతో మాత్రమే తూచే విమర్శ అసంపూర్ణం. ఆ వస్త్రం ఏ పనికి అక్కరకొచ్చిందో, ఆ అలంకరణను ఎవరు నిర్ణయించారో కూడా అడగాలి. ఈ కొలతతో చూస్తే సత్యభామ దోపుకొన్న పైటకు దగ్గరి బంధువు పారిస్ కోటు కాదు. మిరపచేలో నడుముకు బిగిసిన కొంగు. సత్యభామ ఆయత్తానికి కావ్యంలో చోటు దక్కింది. చేలోని స్త్రీ ఆయత్తాన్ని అదే శ్రద్ధతో చదవడం తెలుగు విమర్శ చేపట్టవలసిన పని.