కడిగి కాల్చిన ఊక

రైస్‌మిల్లు బాయిలర్ వెనక గుట్టలుగా పడి ఉండే బూడిద నల్లగా ఉంటుంది. అదే ఊకను ప్రయోగశాలలో కాలిస్తే తెల్లటి పొడి చేతికొస్తుంది. ఈ తేడాలో ఎక్కువ భాగం కాల్చడానికి ముందు కడగడంలోనే ఉంది. మురికినీటిని వెలుతురుతో శుభ్రం చేసే ఉత్ప్రేరకాల తయారీలో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే.

వరి మొక్క నేలలోని సిలికాను వేళ్లతో పీల్చి ఊక పైపొరలో దాచుకుంటుంది. ధాన్యం బరువులో దాదాపు ఐదో వంతు ఊక. కాలిస్తే అందులో మళ్లీ ఐదో వంతు బూడిద. ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా. చిక్కంతా దాంతోపాటు ఉండే పొటాషియంతోనే. సిలికా కరిగే వేడిని అది తగ్గించేస్తుంది. పైపొర కరిగి మూసుకుపోయి, కాలని బొగ్గు లోపలే చిక్కుకుంటుంది. ఇక ఎంత కాల్చినా నలుపు వదలదు, సన్నటి రంధ్రాలూ పూడిపోతాయి. అందుకే ఊకను ముందుగా పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరగబెట్టి, ఆమ్లం జాడ పోయేదాకా కడిగి ఆరబెడతారు. ఆ తర్వాతే 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. అలా వచ్చిన పొడిలో గ్రాముకు 200 చదరపు మీటర్లు దాటిన ఉపరితలం దొరుకుతుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఊక మీది బుడిపెలు మొక్కజొన్న పొత్తు గింజల్లా వరసలు తప్పకుండా కనిపిస్తాయి. కర్బనమంతా కాలిపోయినా మొక్క కట్టిన కట్టడం నిలిచింది.

ఆ సిలికా రంధ్రాల్లో అసలు ఉత్ప్రేరకమైన టైటానియం డయాక్సైడ్‌ను నిలుపుతారు. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా వెలుతురుతో నీటిని విడగొట్టి చూపింది ఈ పదార్థంతోనే. అతినీలలోహిత కాంతి తగిలితే దాని మీద పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ మురికినీటిలోని రంగు అణువులను తునకలు చేస్తాయి. కానీ 20 నానోమీటర్ల రేణువులను విడిగా నీటిలో కలిపితే తిరిగి ఏరుకోవడం గగనం. సిలికా రంధ్రాల్లో కుదురుకుంటే అవి ఒకదానికొకటి అతుక్కుని పెరగవు. టైటానియం డయాక్సైడ్‌కు చురుకైన అనటేజ్ రూపం ఎక్కువ వేడికీ నిలుస్తుంది. పని అయ్యాక పొడి అడుగుకు దిగుతుంది.

వెలుతురును వాడుకునేది మాత్రం టైటానియం డయాక్సైడే, ఊక కాదు. పరీక్షలో ఆ నిజాయితీ కనబడాలి. మిథిలీన్ బ్లూ అనే రంగు కలిపిన నీళ్లలో పొడి వేసి ముందు చీకట్లో అరగంటైనా కలియతిప్పుతారు. సిలికా ఊరికే పీల్చుకున్న రంగెంతో అక్కడ తేలిపోతుంది. దీపం వెలిగించేది ఆ తర్వాతే. ఆ చీకటి లెక్క లేని ఫలితాన్ని నేను నమ్మను. రంగు విరిగినా తునకలు నీటిలో ఉండిపోవచ్చు కాబట్టి మిగిలిన కర్బనాన్నీ కొలవాలి.

ఇక ఊక కడిగిన ఆమ్లపు నీళ్లే మరో కాలుష్యం కాకూడదు. అందుకే కొందరు సిట్రిక్ ఆమ్లంతో కడిగి చూశారు. పొటాషియం దానికీ లొంగింది, సిలికా తెల్లగానే వచ్చింది.